బ్యాటరీ సేవర్ యాప్ వేస్తే ఛార్జింగ్ నిజంగా నిలుస్తుందా? చెరువు మీద రాత్రిపూట ఫోన్ స్విచాఫ్ అయిపోతోంది

ఉండి చెరువుగట్టు (ప్రశ్న)

అందరికీ నమస్కారమండి. మాది పశ్చిమ గోదావరి జిల్లా, ఉండి పక్కన పల్లెటూరు. నాలుగెకరాల చెరువు సొంతం, దాన్ని ఆనుకుని రెండెకరాలది లీజు. రెండింట్లోనూ వనామీ రకం రొయ్య వేశాను. అడగడానికి వచ్చింది ఫోన్ బ్యాటరీ గురించే. కానీ ఇంత టెన్షన్ ఎందుకో మీకు తెలియాలంటే ముందు చెరువు సంగతి కొంచెం చెప్పాలి.

రొయ్యకి ప్రాణం మీదికి వచ్చేది తెల్లవారుజామున. పగలు ఎండ ఉన్నంతసేపూ నీళ్ళలో పచ్చదనం ఆక్సిజన్ ఇస్తుంది. చీకటి పడ్డాక అదే పచ్చదనం రొయ్యతో పాటు ఆక్సిజన్ పీల్చుకుంటుంది. అందుకని రాత్రి రెండు దాటాక పొద్దు పొడిచేదాకా ఏరేటర్లు, అంటే నీళ్ళు చిలికి గాలి కలిపే మోటార్లు, ఆగకూడదు. కరెంటు పోయిందంటే పరుగెత్తి జనరేటర్ వేయాల్సిందే. ఆలస్యమైతే రొయ్య తేలిపోతుంది, ఆపైన మనం చేసేదేమీ ఉండదు. కరెంటు పోయిన సంగతి తెలియడానికి స్టార్టర్ పెట్టెలో సిమ్ కార్డు వేసే పరికరం ఒకటి పెట్టించాను. ఫేజు పోగానే ఫోన్‌లోని యాప్ అలారం కొడుతుంది. అంటే రాత్రంతా ఫోన్ ఆన్‌లో ఉండాలి.

ఫోన్ కొని రెండున్నరేళ్ళయింది. 5000 ఎంఏహెచ్ బ్యాటరీ అని డబ్బా మీద ఉంది. కొత్తలో ఒకసారి నిండా ఛార్జింగ్ పెడితే మర్నాడు పొద్దుటికి ఇంకా పాతిక శాతం మిగిలేది. ఇప్పుడు సాయంత్రం ఆరింటికి ఇంటి దగ్గర 100 చేసుకుని చెరువు మీదికి వస్తే పదింటికి 60, ఒంటిగంటకి 30, మూడింటికల్లా స్విచాఫ్. సరిగ్గా అవసరమైన వేళకే పోతోంది. షెడ్డులో ప్లగ్గు ఉంది గానీ వోల్టేజీ పెరిగీ తగ్గీ ఇప్పటికే రెండు ఛార్జర్లు కాలిపోయాయి, మూడోది పెట్టడానికి మనసు రావడం లేదు.

మా మేనల్లుడు ఒక బ్యాటరీ సేవర్ యాప్ వేసిపెట్టాడు. తెరిస్తే పచ్చటి ట్యాంకు బొమ్మ, కింద పెద్ద బటన్. నొక్కితే చీపురుతో ఊడుస్తున్నట్టు బొమ్మ తిరిగి "27 యాప్‌లు ఆగాయి, 3 గంటల 10 నిమిషాలు పెరిగింది" అని చూపిస్తుంది. వెంటనే ఇంకోసారి నొక్కినా ఇంకో 40 నిమిషాలు పెరిగిందంటుంది. పది రోజులు మానకుండా నొక్కాను. మూడింటికి పోయే ఫోన్ రెండున్నరకే పోవడం మొదలైంది.

పోయిన గురువారం పక్క చెరువు ఆయన దగ్గర పవర్ బ్యాంకు అడిగి తెచ్చుకున్నాను కాబట్టి ఫోన్‌లో 48 శాతం ఉంది. 2:40కి కరెంటు పోయింది. అలారం మోగలేదు. నన్ను లేపింది ఏరేటర్ల చప్పుడు ఆగిపోవడమే. ఆ హోరు మధ్యే నిద్రపోవడం అలవాటైన చెవికి అది ఆగితే ఎవరో తట్టి లేపినట్టు ఉంటుంది. టార్చి వేసుకుని గట్టు మీదికి పోతే అప్పటికే అంచుల్లో రొయ్య పైకి వచ్చి మీసాలు కదుపుతోంది, టార్చి వెలుగుకి కళ్ళు నిప్పురవ్వల్లా మెరుస్తున్నాయి. జనరేటర్ తిప్పే సరికి చేతులు వణికాయి. చెరువు దక్కింది. పొద్దున్నే చూస్తే ఒక మూల బుట్టెడు రొయ్య మాత్రం పోయింది.

ఫోన్ చూస్తే ఆన్‌లోనే ఉంది. అలారం యాప్ తెరిచాక అప్పుడు చూపించింది, కరెంటు పోయింది అని. ఈ బ్యాటరీ సేవర్లు అసలు పనిచేస్తాయా? చేస్తే ఏది మంచిది? లేకపోతే బ్యాటరీ మార్చాలా, ఫోనే మార్చాలా? తెలిసినవాళ్ళు చెప్పండి.

భీమవరం కుర్రాడు

అన్నా, నేను ఒకటి వాడుతున్నాను, నాకు బాగానే పనిచేస్తోంది. కాలేజీ నుంచి ఇంటికి వచ్చేసరికి ఇదివరకు 20 ఉండేది, ఇప్పుడు 35 ఉంటోంది. దాంట్లో "సూపర్ సేవింగ్" అని ఉంటుంది, అది ఆన్ చేసి చూడు. అందరూ ఊరికే ఫేక్ అంటారు గానీ మంచివి కూడా ఉన్నాయి.

పాలకొల్లు మొబైల్ రిపేర్

రైతుగారూ, ముందు ఆ యాప్ తీసెయ్యండి. తీసేశాక మిగతాది చదవండి. అది ఫోన్‌లో ఉన్నంతకాలం మీ అలారం మీద భరోసా లేదు.

పాలకొల్లులో పద్నాలుగేళ్ళుగా ఫోన్లు బాగుచేస్తున్నాను. మా షాపుకి వచ్చేవాళ్ళలో సగంమంది చెరువుల వాళ్ళు, కొబ్బరి వాళ్ళు, పడవల వాళ్ళు. బ్యాటరీ నిలవడం లేదని తెచ్చే ఫోన్లలో ఇలాంటి యాప్ ఒకటి, ఒక్కోసారి రెండు మూడు కనబడుతూనే ఉంటాయి. నేను అవి తీసేసి ఇస్తే కొందరు మళ్ళీ వేసుకుంటారు, ఆ అంకెలు చూస్తే మనసుకి నిబ్బరంగా ఉంటుందని. మీ చెరువు సంగతి చదివాక మాత్రం ఊరుకోలేక ఇంత రాస్తున్నాను.

మీకు తెలిసిన మాటతోనే చెబుతాను. ఏరేటర్ మోటారు తిరుగుతూ ఉన్నప్పుడు తీసుకునే కరెంటు ఒక లెక్క, స్టార్ట్ అయ్యేటప్పుడు ఒక్కసారిగా లాగేది దానికి కొన్ని రెట్లు. కరెంటు ఆదా అవుతుందని ఐదు నిమిషాలకోసారి మోటారు ఆపి, మళ్ళీ వేసే రైతు ఎవరూ ఉండరు కదా. ఆ యాప్ చేసే పని అదే. మెమరీలో కదలకుండా కూర్చున్న యాప్‌ని చంపేస్తుంది. అలా కూర్చున్న యాప్ బ్యాటరీ తినేది దాదాపు ఏమీ ఉండదు. చంపిన యాప్ కాసేపటికి మళ్ళీ లేవాలి, లేచేటప్పుడు ప్రాసెసర్ మొదటినుంచి పనిచేయాలి. మెసేజీల యాప్ లేస్తుంది, సేవర్ చంపుతుంది, అది మళ్ళీ లేస్తుంది. రాత్రంతా ఇదే.

ఇది ఊహించి చెప్పడం కాదండి. మా బల్ల మీద డీసీ పవర్ సప్లై ఉంటుంది. బ్యాటరీ తీసేసి, దాని వైర్ల నుంచి ఫోన్‌కి కరెంటు ఇస్తే ఫోన్ ఎంత లాగుతోందో అంకెల్లో కనబడుతుంది. స్క్రీన్ ఆపి రెండు మూడు నిమిషాలు ఆగితే మంచి ఫోన్ 0.01, 0.02 ఆంపియర్ల దగ్గరికి దిగి నిద్రపోతుంది. పోయిన నెల ఒకావిడ తెచ్చిన ఫోన్ అలా దిగలేదు. 0.02కి వస్తుంది, అంతలో 0.18 అంటుంది, దిగుతుంది, మళ్ళీ 0.20. పసిపిల్లకి నిద్ర పట్టనట్టు పదే పదే లేస్తోంది. వెతికితే అందులో ఒక సేవర్ యాప్ ఉంది. దాన్ని తీసేసి అదే ఫోన్ అదే బల్ల మీద పెడితే నాలుగు నిమిషాల్లో అంకె దిగి అక్కడే నిలబడింది. ఆవిడ కూడా ఆ అంకె కేసే చూస్తూ కూర్చుంది.

అసలు ఆ పని ఫోనే చేసుకుంటుంది. ఆండ్రాయిడ్‌లో బ్యాటరీ సేవర్ మోడ్ 2014లో లాలీపాప్ అనే వెర్షన్‌తోనే వచ్చింది. 2015లో దాని తర్వాతి వెర్షన్ మార్ష్‌మాలోతో డోజ్ అని పెట్టారు. ఫోన్ ఛార్జింగ్‌లో లేకుండా, స్క్రీన్ ఆగి, కదలకుండా కాసేపు పడి ఉంటే యాప్‌లన్నిటినీ పడుకోబెట్టి, అప్పుడప్పుడు కొద్దిసేపు మాత్రమే లేవనిస్తుంది. 2018లో వచ్చిన ఆండ్రాయిడ్ 9 నుంచి మనం ఏ యాప్ ఎంత తరచుగా వాడతామో చూసి, వాడని వాటికి కళ్ళెం వేస్తుంది. 2023లో వచ్చిన ఆండ్రాయిడ్ 14లో అయితే ఒక యాప్ ఇంకో యాప్‌ని వెనక నుంచి ఆపే దారిని మూసేశారు, ఎవరి ప్రాసెస్‌లు వాళ్ళే ఆపుకోవాలి. బయటి యాప్ ఏదీ ఫోన్ మెమరీని గానీ బ్యాటరీ ఖర్చుని గానీ వేడిని గానీ మెరుగుపరచలేదని గూగుల్ వాళ్ళు యాప్‌లు తయారుచేసేవాళ్ళ కోసం పెట్టిన పేజీలోనే రాశారు. మా మేనకోడలు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ చేస్తుంది, ఆ పేజీ తీసి నాకు చదివి వినిపించింది.

మరి దారి మూసేస్తే మీ ఫోన్‌లో "27 యాప్‌లు ఆగాయి" అని ఎలా వస్తోంది? యాప్ వేసినప్పుడు "యాక్సెసిబిలిటీ" పర్మిషన్ అడిగి ఉంటుంది, మీ మేనల్లుడు ఇచ్చి ఉంటాడు. ఒకసారి చూడండి. చూపు సరిగా లేనివాళ్ళ లాంటి వాళ్ళకి సాయంగా ఉండడానికి పెట్టిన పర్మిషన్ అది. అది చేతికి వస్తే ఆ యాప్ మన వేలికి బదులు తానే సెట్టింగ్స్‌లోకి పోయి ఒక్కో యాప్ దగ్గర "ఫోర్స్ స్టాప్" నొక్కుకుంటూ వస్తుంది. ఫోర్స్ స్టాప్ అయిన యాప్‌కి మనం చేత్తో మళ్ళీ తెరిచేదాకా అలారమూ రాదు, మెసేజీ రాదు. గురువారం రాత్రి మీకు జరిగింది ఇదేనని నా నమ్మకం. మీరు తెరిచాకే కదా అది కరెంటు పోయిందని చెప్పింది.

ఇంకో మాట. బ్యాటరీ కాపాడే యాప్‌కి మన కాంటాక్టులతో, లొకేషన్‌తో ఏం పని? 2020 జూన్ 29న కేంద్ర ప్రభుత్వం 59 చైనా యాప్‌లు ఆపేసింది, గుర్తుందా? టిక్‌టాక్ ఒక్కటే అందరికీ గుర్తుంది. ఆ జాబితాలో డీయూ బ్యాటరీ సేవర్, క్లీన్ మాస్టర్ కూడా ఉన్నాయి. ఆపింది దేశ భద్రత, జనం సమాచారం పేరు మీదే, బ్యాటరీ సంగతి కాదు. అయినా ఏ పర్మిషన్ ఎవరికి ఇస్తున్నామో ఆలోచించుకోవడానికి అది చాలు.

ఇక మీ ఛార్జింగ్ అసలు ఎటు పోతోంది? చెరువులో నీళ్ళు తగ్గుతుంటే గట్టు చుట్టూ తిరిగి పీత బొక్క ఎక్కడుందో వెతుకుతారు కదా. అలాగే సెట్టింగ్స్‌లో బ్యాటరీ, అందులో బ్యాటరీ యూసేజ్ తెరిచి పైనున్న నాలుగైదు పేర్లు ఇక్కడ రాయండి. పగలు ఫోన్ ఎక్కడ పెడతారో కూడా రాయండి. అది చూశాకే బ్యాటరీ మార్చాలా వద్దా చెబుతాను.

భీమవరం తమ్ముడూ, నువ్వు అబద్ధం చెబుతున్నావని అనడం లేదు. ఆ సూపర్ సేవింగ్ ఆన్ చేసినప్పుడు స్క్రీన్ వెలుగు తగ్గిందా లేదా చూడు. సింక్, అంటే యాప్‌లు వాటంతటవే కొత్త సమాచారం తెచ్చుకోవడం, ఆగి ఉంటుంది, లొకేషన్ ఆగి ఉంటుంది. మిగిలిన ఆ 15 శాతం వాటి వల్లే. అవన్నీ ఫోన్‌లోనే ఉన్నాయి, పైనుంచి కిందికి లాగితే కనబడతాయి.

భీమవరం కుర్రాడు

చూశానన్నా. వెలుగు సగానికి తగ్గించి పెట్టింది, ఆటో సింక్ కూడా ఆపింది. నేను గమనించలేదు. నిన్న యాప్ తీసేసి ఆ రెండూ నేనే పెట్టుకున్నాను. ఇవాళ ఇంటికొచ్చేసరికి 37 ఉంది. ఒక డౌట్, డార్క్ మోడ్ పెడితే ఇంకా నిలుస్తుందా?

పాలకొల్లు మొబైల్ రిపేర్

నీ ఫోన్‌ది అమోలెడ్ డిస్‌ప్లే అయితే నిలుస్తుంది. అందులో నల్లగా ఉన్న చోట చుక్క వెలగదు, కరెంటు తీసుకోదు. ఎల్‌సీడీ అయితే వెనక లైటు ఎలాగూ వెలుగుతూనే ఉంటుంది, నలుపు చూపించినా తెలుపు చూపించినా పెద్ద తేడా రాదు.

ఉండి చెరువుగట్టు

గురువుగారూ, చెప్పినట్టే తీసేశాను. యాక్సెసిబిలిటీ పర్మిషన్ ఆన్‌లో ఉంది, మీరు చెప్పింది చదివినప్పుడు ఒళ్ళు జలదరించింది. మావాడికి ఫోన్ చేసి వాడి ఫోన్‌లో కూడా తీయించాను.

తీసే ముందే బ్యాటరీ యూసేజ్ చూశాను. మొదటిది వీడియోల యాప్, 24 శాతం. రాత్రి నిద్ర రాకుండా ఉండడానికి చూస్తుంటాను, నిజమే. రెండోది ఆ బ్యాటరీ సేవర్ యాపే, 19 శాతం! మూడోది మొబైల్ నెట్‌వర్క్ 17. తర్వాత స్క్రీన్, ఆపైన వాట్సాప్.

పగలు ఫోన్ ఎక్కువగా బండి ట్యాంకు మీద కవరులో ఉంటుంది, లేదంటే రేకుల షెడ్డులో మేత బస్తాల మీద. మధ్యాహ్నం పట్టుకుంటే చెయ్యి కాలుతుంది. షెడ్డులో సిగ్నల్ ఒకటో రెండో గీతలు. గట్టు మీద జనరేటర్ దగ్గర నాలుగు వస్తాయి.

లంక టీచర్

మాది కోనసీమ, పి.గన్నవరం వైపు. గోదావరి పాయ దాటి లంకలో ఉన్న బడిలో పనిచేస్తున్నాను. సిగ్నల్ మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను, ఇది నేను స్వయంగా పట్టి చూసిన విషయం.

మా ఇంట్లో ఆదివారం రోజంతా ఫోన్ వాడినా సాయంత్రానికి సగం ఉంటుంది. బడి రోజున అసలు చెయ్యి పెట్టకపోయినా మూడింటికి 30కి వచ్చేసేది. మొదట్లో నేనూ ఒక సేవర్ యాప్ వేసుకున్నాను, ఏమీ తేడా రాలేదు. తర్వాత తెలిసింది. టవర్ దూరమైతే ఫోన్ గొంతు పెంచి అరవాలి, అంటే ఎక్కువ శక్తితో సిగ్నల్ పంపాలి. పైగా మా దగ్గర 5జీ ఒక నిమిషం ఉంటుంది, పోతుంది, 4జీకి వస్తుంది, మళ్ళీ 5జీ వెతుక్కుంటుంది. చుట్టూ కొబ్బరి తోటలు. బ్యాగులో పడుకోబెట్టాననే నేను అనుకున్నాను, ఫోన్ మాత్రం రోజంతా టవర్ కోసం వెతుకుతూనే ఉంది.

నెట్‌వర్క్ సెట్టింగ్‌లో 5జీ తీసి 4జీ పెట్టాను. పాఠం చెప్పేటప్పుడు ఏరోప్లేన్ మోడ్, విరామంలో తీసి ఒకసారి చూసుకుంటాను. ఇప్పుడు నాలుగింటికి పడవ ఎక్కేటప్పుడు 65 ఉంటోంది. రైతుగారికి ఏరోప్లేన్ మోడ్ కుదరదు, అలారం రావాలి. కానీ రాత్రి ఫోన్ పెట్టే చోటు మార్చుకోవచ్చు. షెడ్డులో ఒక గీత ఉన్న చోట కాకుండా నాలుగు గీతలు వచ్చే వైపు మేకు కొట్టి తగిలించండి.

ఫోన్‌తో పాటు వచ్చే సేవింగ్ మోడ్‌ని మాత్రం తీసిపారేయకండి. 2022 జూలై వరద మీకందరికీ గుర్తుండే ఉంటుంది. భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటింది, ధవళేశ్వరం నుంచి 25 లక్షల క్యూసెక్కులకు పైగా వదిలారు. మా లంకకి కరెంటు ఆపేశారు. ఇంట్లో మూడు ఫోన్లుంటే రెండు పూర్తిగా ఆపేసి ఒక దబరాలో పెట్టి మూత పెట్టాము. మూడోదాంట్లో కంపెనీ వాళ్ళు ఇచ్చిన అల్ట్రా పవర్ సేవింగ్ పెట్టాను. అది పెడితే కాల్స్, మెసేజీలు, ఇంకో రెండు మూడు యాప్‌లు తప్ప ఏమీ ఉండవు, తెర కూడా నల్లగా అయిపోతుంది. 60 శాతంతో మొదలుపెట్టి ఆ ఒక్క ఫోన్ మీదే రెండు రాత్రులూ మూడో రోజు మధ్యాహ్నం దాకా నడిపాము. పడవ ఎప్పుడు వస్తుందో, నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో అన్నీ దానిమీదే. మా అత్తగారి బీపీ మాత్రలకి కబురు పంపింది కూడా ఆ ఫోన్‌తోనే.

పాలకొల్లు మొబైల్ రిపేర్

టీచర్ గారు చెప్పిన సిగ్నల్ మాట నూటికి నూరు పాళ్ళు నిజం. రైతుగారి లెక్కలో మొబైల్ నెట్‌వర్క్ 17 శాతం కనబడింది కూడా అందుకే.

రైతుగారూ, సేవర్ యాప్ 19 శాతం తినడం చూశారు కదా, ఒక బొక్క అది. నెట్‌వర్క్ రెండోది. వీడియోల సంగతి మీ ఇష్టం, రాత్రి మేలుకోవడం ఎంత కష్టమో నాకు తెలుసు, చూసేటప్పుడు వెలుగు తగ్గించుకోండి చాలు.

అసలు దెబ్బ వేడి దగ్గర తగిలింది. ఈ లిథియం బ్యాటరీకి మన ఎండ పడదు. ఆపిల్ వాళ్ళు తమ ఫోన్లకి 16 నుంచి 22 డిగ్రీల వాతావరణం బాగా నప్పుతుందనీ, 35 దాటిన చోట వాడితే బ్యాటరీ పట్టే సామర్థ్యం శాశ్వతంగా తగ్గవచ్చనీ రాశారు. మన డెల్టాలో 16 డిగ్రీలు సంక్రాంతి ముందు తెల్లవారుజామున ఎప్పుడో కనబడితే కనబడుతుంది. రోహిణి కార్తెలో రేకుల షెడ్డు లోపల ఎంతుంటుందో మీకే తెలుసు. అందులోనూ నిండా 100 ఛార్జింగ్‌తో ఎండలో పడి ఉంటే ఇంకా తొందరగా పాడవుతుంది. అలా పాడైన బ్యాటరీ పూడిక పట్టిన చెరువు లాంటిది. పైకి 100 అనే చూపిస్తుంది, లోపల పట్టే నీళ్ళు తక్కువ. దీన్ని ఏ యాప్ బాగుచేయలేదు.

ఒకసారి ఫోన్‌ని బల్ల మీద వెల్లకిలా పెట్టి చూడండి. ఊగుతోందా? వెనక డొప్ప అంచులో సందు కనబడుతోందా? మా దగ్గర బ్యాటరీ బయటికి తీశాక గాజు బల్ల మీద పెట్టి వేలితో తిప్పుతాను. మంచిది అంటుకున్నట్టు ఆగిపోతుంది, ఉబ్బినది బొంగరంలా తిరుగుతుంది. ఉబ్బితే ఒక్కరోజు కూడా వాడొద్దు, ఛార్జింగ్ పెట్టొద్దు, మీరే విప్పాలని చూడొద్దు. దానికి సూది గుచ్చి గాలి తీయబోయిన ఒకతని అరచెయ్యి నేను చూశాను. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఉబ్బకపోయినా రెండున్నరేళ్ళు ఎండలో ఉన్న బ్యాటరీ మార్చేయడమే మంచిది. ఫోన్ మార్చక్కర్లేదు. కంపెనీ సర్వీస్ సెంటర్‌లో వేయించండి, లేదా మీకు నమ్మకమున్న షాపులో బిల్లు తీసుకుని వేయించండి. మీ ఫోన్‌ది 5000 అయితే అదే సైజులో 7000 అని రాసి ఉన్న బ్యాటరీ చూపిస్తే తీసుకోకండి. చేతిలో పట్టుకుంటే పాతదానికన్నా తేలిగ్గా ఉంటుంది, అక్కడే తెలిసిపోతుంది.

ఇప్పుడు అలారం గురించి. సేవర్ తీసేసినంత మాత్రాన పని పూర్తి కాదు. ఫోన్ కూడా డోజ్‌లోకి పోయాక అలారం యాప్‌ని పడుకోబెట్టవచ్చు. సెట్టింగ్స్‌లో యాప్స్, ఆ అలారం యాప్, బ్యాటరీ, అక్కడ "అన్‌రిస్ట్రిక్టెడ్" పెట్టండి. కొన్ని కంపెనీల ఫోన్లలో "ఆటోస్టార్ట్" అని వేరే ఉంటుంది, అది కూడా ఆన్ చేయండి. ఫోన్ సొంత బ్యాటరీ సేవర్ పెట్టుకుంటే ఆ రాత్రికి ముందు పగలే ఒకసారి మెయిన్ ఆపి అలారం వస్తోందో లేదో చూసుకోండి. చూడకుండా మాత్రం నిద్రపోవద్దు.

నాదొక మనవి. ఆరెకరాల రొయ్యని ఒక్క యాప్ మీద వదలొద్దండి. మీ స్టార్టర్ పరికరంలో సిమ్ ఉంది కాబట్టి కాల్ చేసే సౌకర్యం కూడా ఉంటుంది, చూడండి. ఒక కీప్యాడ్ ఫోన్ కొని దాని నంబరు ఆ పరికరంలో ఎక్కించండి. కీప్యాడ్ ఫోన్‌కి యాప్‌లు లేవు, డోజ్ లేదు, ఒకసారి ఛార్జింగ్ పెడితే రోజుల తరబడి ఉంటుంది. గంట మోగితే పక్క చెరువుకి వినబడుతుంది.

ఉండి చెరువుగట్టు

రెండు వారాలు ఆగి రాస్తున్నాను, అన్నీ చేసి చూశాకే రాద్దామని.

బల్ల మీద పెడితే ఫోన్ కొంచెం ఊగింది. మా ఆవిడ చూసి "ఇన్నాళ్ళూ దీన్నేనా దిండు కింద పెట్టుకున్నావు" అంది. ఆ రోజే భీమవరం పోయి సర్వీస్ సెంటర్‌లో బ్యాటరీ మార్పించాను. పాతది నాకు చూపించమన్నాను. నడుం దగ్గర అప్పడంలా పొంగి ఉంది. గాజు బల్ల మీద తిప్పి చూపించమంటే ఆ అబ్బాయి తిప్పాడు, మీరు చెప్పినట్టే గిర్రున తిరిగింది.

షెడ్డుకి ఉత్తరం వైపు గుంజకి మేకు కొట్టి చిన్న చెక్కపెట్టె బిగించాను. అక్కడ మూడు గీతలు వస్తున్నాయి. నెట్‌వర్క్ 4జీకి మార్చాను. పగలు బండి మీద పెట్టడం మానేసి మంచినీళ్ళ కుండ పక్కన పెడుతున్నాను, కుండకి తగలకుండా. వీడియోలు పూర్తిగా మానలేదు, పన్నెండు దాటాక చూడడం లేదు.

సాయంత్రం ఆరింటికి 100. పదింటికి 88. మూడింటికి 74. పొద్దున ఆరింటికి 66. ఇవి మొదటి మూడు రాత్రులు మేత పుస్తకం వెనక పేజీలో రాసుకున్న అంకెలు, మూడు రోజులూ ఒకటో రెండో తేడాతో ఇలాగే ఉన్నాయి.

అలారం యాప్‌కి అన్‌రిస్ట్రిక్టెడ్ పెట్టాను, ఆటోస్టార్ట్ ఆన్ చేశాను. పగలు నాలుగుసార్లు మెయిన్ ఆపి చూశాను. మూడుసార్లు వెంటనే మోగింది, ఒకసారి నిమిషం పైన పట్టింది. ఆ ఒక్కసారి చూశాకే కీప్యాడ్ ఫోన్ కొన్నాను. స్టార్టర్‌లో కాల్ సౌకర్యం ఉంది గురువుగారూ, పెట్టినతను నాకు చెప్పనే లేదు. రెండు నంబర్లు పడతాయి. రెండోది మా తమ్ముడిది ఎక్కించాను.

నిన్న రాత్రి గాలి వచ్చి 1:55కి కరెంటు పోయింది. మొదట కీప్యాడ్ ఫోన్ మోగింది, నేను లేచి కూర్చునేసరికి పెట్టెలో పెద్ద ఫోన్ కూడా అందుకుంది. జనరేటర్ వేసి వచ్చి చూస్తే 2:01. గట్టు చుట్టూ టార్చి వేసుకుని తిరిగాను, ఒక్క రొయ్య కూడా పైకి రాలేదు. కరెంటు నాలుగున్నరకి వచ్చింది.

కౌంట్ ఇప్పుడు 50 దగ్గర ఉంది, అంటే కిలోకి యాభై రొయ్యలు. ఇంకో మూడు వారాల్లో పట్టుబడి, అంటే రొయ్య పట్టి అమ్మడం, పెట్టుకున్నాను. పాలకొల్లు గురువుగారూ, మీ షాపు ఏ వైపో మెసేజీ పెట్టండి, ఆ రోజు ఒక బుట్ట మీ ఇంటికి పంపిస్తాను. టీచర్ గారికి కూడా పంపాలని ఉంది, పడవ వేళలు చెప్పండమ్మా.